ఈస్టర్‌కు ఇంట్లో తాజా పూల అలంకరణ: వరంగల్ ఎండల్లో వాడిపోకుండా ఎలా చేయాలి

కొన్నేళ్ల కింద ఈస్టర్‌కు నేను చేసిన పొరపాటు ముందు చెప్తాను, మీరైనా చేయకుండా ఉంటారు. శనివారం మధ్యాహ్నం మూడింటికల్లా తెల్ల చామంతులతో సిలువ కట్టేసి, హాల్లో గోడకు ఆనించి, గుమ్మానికి మల్లెదండలు వేలాడదీసి, ఫ్యాన్ వేసుకుని హాయిగా పడుకున్నాను. తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక ఏడింటికి చుట్టాలతో ఇంటికొచ్చి తలుపు తీస్తే సిలువ టీ రంగులో ఉంది. మల్లెలు ముట్టుకుంటే రాలుతున్నాయి. మా చిన్నమ్మ ఒకసారి దగ్గరగా చూసి, "పూలు మొన్నటియా బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

పూలు మంచివే. నేనే వేళ తప్పాను. క్రిస్మస్‌కు చలి ఉంటుంది కాబట్టి ముందురోజు ఎప్పుడు కట్టినా నడుస్తుంది. ఈస్టర్ ఎప్పుడొచ్చినా మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపే వస్తుంది. 2025లో ఏప్రిల్ 20న వచ్చింది, 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. హనుమకొండలో అప్పటికి ఎండలు ముదురుతుంటాయి, పండుగేమో తెల్లవారుజామున నాలుగింటికే మొదలవుతుంది. అందుకని ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుంది, విచ్చుకున్నాక ఎన్ని గంటలు నిలుస్తుంది అని చూసుకుని, ఆదివారం పొద్దుటి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. కట్టడం కన్నా ఈ లెక్కే ముఖ్యం.

ఇంకొక మాట. యేసును పెట్టిన సమాధి ఒక తోటలో ఉందని యోహాను సువార్తలో ఉంటుంది. ఆ పొద్దున మగ్దలేనే మరియ ఆయనను చూసి తోటమాలి అనుకుంది కూడా. కాబట్టి ఈస్టర్ ఇల్లు పెళ్లి మండపంలా కాకుండా తోటలా ఉండాలని నా అభిప్రాయం. ఆకుపచ్చ ఎక్కువ, పూలు కొన్ని, అవీ తాజావి. దీనివల్ల ఖర్చూ తగ్గుతుంది.

మట్టల ఆదివారం: నారు పోయండి

పని వారం ముందే మొదలవుతుంది. మట్టల ఆదివారం, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఆదివారం రాత్రి, రెండు గుప్పెళ్ల గోధుమలు నానబెట్టండి. సోమవారం పొద్దున ఒక వెడల్పాటి తాంబాళంలోనో, పాత ప్లాస్టిక్ ట్రేలోనో రెండు వేళ్ల మందాన మట్టి పోసి, కొంచెం మాగిన ఎరువు కలిపి, అంచు దగ్గర ఒక చిన్న గురిగిని పక్కకు పడుకోబెట్టండి. గురిగి సగం మట్టిలో కూరుకుపోవాలి, మూతి మీ వైపు ఉండాలి. అదే సమాధి. దాని మీద మట్టి గుట్టలా ఎత్తి, గుట్ట మీదా చుట్టూరా గోధుమలు దగ్గరదగ్గరగా చల్లి, పైన పలచగా మట్టి చల్లండి. రెండు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచితే మొలక పైకి వస్తుంది. అప్పుడు గుడ్డ తీసి వెలుతురు వచ్చే చోట పెట్టండి, ఎండ మాత్రం నేరుగా తగలకూడదు.

నీళ్లు చేత్తో చిలకరించాలి, పొద్దునా సాయంత్రం. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి, పైగా బూజు పట్టి వాసన వస్తుంది. తీజ్ పండుగప్పుడు తండాల్లో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోయడం మీరు చూసే ఉంటారు, పద్ధతి అదే. మనకు ఆరు రోజులే దొరుకుతాయి, అయినా ఆదివారానికి జానెడు కాకపోయినా బెత్తెడు నారు లేస్తుంది. బుధవారం దాకా మర్చిపోయారా? కంగారు పడకండి, మెంతులు చల్లండి. నాలుగు రోజుల్లో పొట్టిగా, గుండ్రటి ఆకులతో వస్తాయి.

గురిగి మూతికి సరిపడే గుండ్రటి రాయి ఒకటి వెతికి పెట్టుకోండి. ఈ పని పిల్లలకు అప్పజెప్పడం మంచిది, వాళ్లు పది రాళ్లు తెచ్చి అందులో సరైనది తేలుస్తారు.

చర్చిలో ఇచ్చిన ఈత మట్టలను పారేయకండి. కొందరు వాటిని వచ్చే ఏడాది శ్రమకాలం మొదలయ్యే బూడిద బుధవారం దాకా దాస్తారు. దాచే అలవాటు లేకపోతే, పచ్చిగా ఉన్నప్పుడే ఆకులు చీల్చి జడలా అల్లి గుండ్రంగా కట్టి పెట్టండి. ఆదివారం తలుపుకు తగిలించే పూలచక్రానికి అదే చట్రం అవుతుంది. ఎండాక అల్లబోతే ఫట్టున విరుగుతాయి.

గురువారం, శుక్రవారం: సరంజామా మాత్రమే

గురువారమే పూల దుకాణం వాళ్లతో మాట్లాడి ఉంచండి. ఈ రోజుల్లో పెళ్లి ముహూర్తం పడిందంటే బంతి, గులాబీ ధరలు రాత్రికి రాత్రే పెరుగుతాయి, తెల్ల చామంతి అసలు దొరక్కపోవచ్చు. చామంతికి అసలు సీజన్ చలికాలం. ఎండాకాలం వచ్చేది తక్కువ, చిన్నగా కూడా ఉంటుంది.

ఇంట్లో సిద్ధం చేసుకోవాల్సినవి ఎక్కువేం లేవు. రెండు వెదురు బద్దలు, సుతిలి తాడు, కొత్త చీపురు నుంచి ఇరవై ముప్పై పుల్లలు, ఒక గోనె సంచి, పలచటి పాత పంచె, పదునైన కత్తెర. అన్నిటికన్నా ముఖ్యం అరటి బోదె. పెళ్లి పందిళ్లకు అరటి చెట్లు అమ్మేవాళ్ల దగ్గర, లేదా పెరట్లో గెల కోసేసిన చెట్టు ఉన్నవాళ్ల దగ్గర రెండు మూరల ముక్క దొరికితే చాలు.

శుభ శుక్రవారం పూల పని పెట్టుకోకండి. పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన ఎలాగూ ఉంటుంది. ఆ రోజు ఇల్లు ఏ అలంకారమూ లేకుండా ఉండటమే బాగుంటుంది. చర్చి నుంచి వచ్చాక గురిగి మూతికి రాయి అడ్డం పెట్టడం ఒక్కటే మా ఇంట్లో ఆ రోజు జరిగేది.

శనివారం పొద్దున: ఏ పూలు కొనాలి

ఎనిమిదిలోపు మార్కెట్‌లో ఉండండి. పది దాటితే బుట్టల్లో పూలు ఎండకు మగ్గిపోతాయి. మేం ఎప్పుడూ కొనే పూల అవ్వ నా సంచి చూసి మొదటి ఏడాది, "ఏంది బిడ్డా, బతుకమ్మకు ఇంక ఆర్నెల్లున్నది గద, గిన్ని పూలెందుకు?" అంది. "ఈస్టర్ అవ్వా" అంటే, "గట్లనా, మరి తెల్లయి తీస్కో. మీ చర్చోళ్లు తెల్లయే అడుగుతరు" అని బుట్ట నా వైపు తిప్పింది. అవ్వ మాట నిజం. ఈస్టర్‌కు చర్చిల్లో వేసే రంగు తెలుపు. తెలుపును ఆధారంగా పెట్టుకుని, పసుపు కొంచెం కలిపితే చాలు.

లిల్లీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈస్టర్ కార్డుల మీద కనిపించే బూర ఆకారపు తెల్ల లిల్లీ జపాన్ దక్షిణపు దీవుల మొక్క. చల్లటి దేశాల్లో దాన్ని గాజు ఇళ్లలో పెంచి సరిగ్గా ఈస్టర్‌కు పూసేలా చూస్తారు. మన మార్కెట్‌లో లిల్లీ అని అడిగితే నేలసంపెంగ ఇస్తారు. తీసుకోండి, నష్టమేం లేదు. నా లెక్కలో ఇదే మేలు. తక్కువ ధర, మంచి వాసన, నీళ్లలో పెడితే ఎండాకాలంలో కూడా రెండు మూడు రోజులు నిలుస్తుంది. విడిపూలు కాకుండా కాడలు అడగండి. కాడకు కింద రెండు మూడు పూలు విచ్చి, పైనంతా మొగ్గలుండాలి, ఎందుకంటే ఇవి కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి. అన్నీ విచ్చిన కాడ ఆదివారానికి ముసలిదైపోతుంది.

కార్డు మీది లిల్లీయే కావాలనుకుంటే బొకేలు కట్టే దుకాణంలో ముందే చెప్తే తెప్పిస్తారు. తెచ్చాక పువ్వు విచ్చగానే మధ్యలో ఉండే గోధుమరంగు పుప్పొడి తలలను కాగితంతో పట్టుకుని తెంపేయండి. ఆ పొడి తెల్ల చీర మీద పడితే తడిగుడ్డతో తుడవొద్దు, మరక పట్టేస్తుంది. సెల్లోటేప్ అతికించి లాగితే వచ్చేస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం ఈ లిల్లీ వద్దే వద్దు, పిల్లులకు ప్రాణం మీదికి తెస్తుంది.

బంతి ఎండకు తట్టుకుంటుంది. గుమ్మానికీ, ఆదివారం తెల్లవారుజామున పూలు పెట్టే మనవాళ్ల సమాధులకూ అదే. పువ్వు అడుగున నొక్కి చూడండి, గట్టిగా ఉంటే ఈ రోజుది. గులాబీలు చేవెళ్ల, మొయినాబాద్ వైపు తోటల నుంచో, బెంగళూరు నుంచో ఎంతో దూరం వచ్చి ఉంటాయి, కాబట్టి సగం విచ్చినవే కొనండి. మల్లెలు పొద్దున కొనకండి, సాయంత్రం మొగ్గలు తెచ్చుకోవాలి.

కొనకుండా దొరికేవి మర్చిపోవద్దు. పెరట్లో నందివర్ధనం, వేయివరహాలు, కాగితపు పూలు, మామిడి ఆకులు. గన్నేరు అందంగానే ఉంటుంది కానీ చెట్టంతా విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో చేతికి అందేలా పెట్టకండి.

శనివారం మధ్యాహ్నం: పూలకు నీళ్లు తాగించండి

ఇంటికి రాగానే కాడ పూలన్నిటినీ బకెట్ నీళ్లలో ముంచి, నీళ్లలోనే కాడ చివర ఒక అంగుళం ఏటవాలుగా కోయండి. బయట కోస్తే కాడలోకి గాలి బుడగ దూరి నీళ్లు పైకి ఎక్కనివ్వదు. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేయాలి, లేకపోతే అవి కుళ్లి నీళ్లు కంపు కొడతాయి. తర్వాత చీకటి గదిలో మూడు నాలుగు గంటలు వదిలేయండి. ఈ కాసేపు ఓపిక పడితే మర్నాడంతా పూలు నిలబడతాయి. అందరూ వదిలేసే పని కూడా ఇదే.

లీటరు నీళ్లకు చెంచా చక్కెర, రెండు చెంచాల నిమ్మరసం, అర చెంచా కన్నా తక్కువ బ్లీచింగ్ ద్రావణం కలిపితే పూలు ఇంకో రోజు ఎక్కువ ఉంటాయి. చక్కెర ఒక్కటే వేస్తే ఉల్టా అవుతుంది, నీళ్లలో క్రిములు పెరిగి కాడలు మూసుకుపోతాయి. జర్బెరా కొని ఉంటే దాన్ని మాత్రం రెండు మూడు అంగుళాల నీళ్లలోనే ఉంచండి, లోతు నీళ్లలో దాని కాడ మెత్తబడుతుంది. తల వాల్చిన గులాబీని న్యూస్ పేపర్‌లో నిటారుగా చుట్టి గోరువెచ్చని నీళ్లలో గంట ఉంచితే చాలావరకు లేస్తుంది.

ఇంకో జాగ్రత్త. మామిడికాయలు, అరటిపండ్లు మగ్గబెట్టిన గదిలో పూలు పెట్టకండి. పండ్లను పండించే వాయువే పూలనూ తొందరగా రాలుస్తుంది. కూలర్ గాలి చల్లగానే ఉన్నా పూలకు ఎదురుగా రాకూడదు.

సాయంత్రం: అరటి బోదెతో సిలువ

పూల దుకాణాల్లో కాడలు గుచ్చడానికి ఆకుపచ్చ ఫోమ్ ఇటుకలు అమ్ముతారు. అవి ఒకసారి ఎండితే మళ్లీ సరిగా నీళ్లు పీల్చవు, మట్టిలో కలిసిపోవు. మనకు అరటి బోదె ఉండగా అవెందుకు? బోదె నిండా నీళ్లే, గుచ్చిన పువ్వును రాత్రంతా తడిగా ఉంచుతుంది.

బోదె కోసేముందు పాత నైటీ వేసుకోండి. అరటి జిగురు బట్టకు అంటితే మొదట కనిపించదు, ఉతికాక నల్లగా తేలుతుంది, ఇక పోదు. పైన ఎండిన పట్టను తీసేస్తే లోపల తెల్లగా, నున్నగా, చేతికి చల్లగా తగిలే పట్టలు వస్తాయి. అడ్డంగా కోసి చూస్తే లోపలంతా తేనెపట్టులా చిన్న గదులు, నొక్కితే నీళ్లు కారుతాయి.

రెండున్నర అడుగుల బద్ద నిలువుకు, అడుగున్నర బద్ద అడ్డానికి. అడ్డబద్ద నిలువుబద్దలో పై నుంచి మూడో వంతు దగ్గర రావాలి, మధ్యలో కడితే కూడిక గుర్తులా ఉంటుంది. సుతిలితో ముడి గట్టిగా బిగించాక, బద్దల మీద బోదె పట్టలు రెండు పొరలు పరిచి తాడుతో చుట్టండి. చామంతికి కాడ అర అంగుళం ఉంచి, చీపురు పుల్లను వేలెడు ముక్కలుగా విరిచి, ముక్కను పువ్వు అడుగు నుంచి పైకి, రేకులు దాటకుండా గుచ్చండి. రెండో కొసను పట్టలోకి దింపండి. అంచుల నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలి. మధ్య నుంచి మొదలుపెడితే అంచుల దగ్గర పూలు చాలవు. అప్పుడు నడిమి పూలు పీకి సర్దాల్సి వస్తుంది, పీకిన పువ్వు మళ్లీ నిలబడదు. బతుకమ్మ పేర్చిన చేతులకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. పువ్వుకు పువ్వు ఆనుకోవాలి, నలగకూడదు. ఈ కొలతకు నాకు అరకిలో నుంచి ముప్పావు కిలో చామంతి పడుతుంది.

రెండు బద్దలు కలిసే చోట ఐదు ఎర్ర గులాబీలు గుచ్చుతాను, ఐదు గాయాలకు గుర్తుగా. అంతకు మించి రంగులు పెట్టను. ఒక ఏడాది పిల్లలు అడిగారని మెరుపు రిబ్బన్లు చుట్టాను, దసరాకు బండి పూజ చేసినట్టుంది.

అయిపోయాక సిలువను నిలబెట్టకండి. తడిపి పిండిన గోనె సంచి మీద పడుకోబెట్టి, పైన తడి పంచె తేలిగ్గా కప్పి, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి నేల మీద ఉంచండి. మా ఇంట్లో అన్నిటికన్నా చల్లటి నేల బాత్రూంది. సిలువను తీసుకెళ్లి అక్కడ పెట్టడానికి మా అత్తమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి వంటింటి గచ్చుతో రాజీ పడ్డాం. రేకుల మీద నీళ్లు మాత్రం చల్లకండి, తడి నిలిచిన చోట తెల్లారేసరికి గోధుమ మచ్చలు పడతాయి.

ఇదే సమయంలో మల్లెమొగ్గలు తెచ్చి దండ కట్టేయండి. మొగ్గలు మామూలుగా రాత్రి ఎనిమిది తొమ్మిదికి విచ్చుకుంటాయి, మర్నాడు మధ్యాహ్నానికి రంగు తిరుగుతాయి. అందుకే దండను అరటాకులో చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచి, పదకొండింటికి పడుకోబోయే ముందు బయటికి తీస్తాను. చల్లదనానికి విచ్చుకోవడం కాస్త వెనక్కి జరుగుతుంది, మేం మూడున్నరకు లేచేసరికి ఇల్లంతా మల్లెల వాసన. బంతి తోరణం రాత్రే కట్టినా ఏం కాదు.

ఆదివారం తెల్లవారుజామున

మూడున్నరకు లేస్తే అరగంట చాలు. ముందు గురిగి మూతి దగ్గరి రాయిని పక్కకు దొర్లించి, లోపల మడతపెట్టిన తెల్లగుడ్డ ముక్క ఒకటి పెట్టండి. మా ఇంట్లో ఈ పని చిన్నవాడిది. వాడు లేవకపోతే రాయి కదలదు, అందరం వాడి కోసం ఆగుతాం. నారు మధ్యలో నందివర్ధనం పూలు నాలుగైదు గుచ్చండి. సిలువను గుట్ట వెనక, గోడకు ఆనించి నిలబెట్టండి. పక్కన ఇత్తడి చెంబులో నేలసంపెంగ కాడలు ఎత్తుపల్లాలుగా ఉంచండి, అన్నీ ఒకే ఎత్తులో ఉంటే చీపురులా కనిపిస్తాయి.

గుమ్మం దగ్గర గంగాళంలో నీళ్లు పోసి వేయివరహాలు, గులాబీ రేకులు వదలండి. నీళ్లు అంచు దాకా ఉంటేనే పూలు పైకి కనిపిస్తాయి. తలుపుకు ఈత చక్రం తగిలించి, దానికి మల్లెదండ చుట్టండి. కొవ్వొత్తులు పూలకూ ఎండిన మట్టలకూ కనీసం మూరెడు దూరంలో ఉండాలి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెలిగించి వెళ్లకండి.

బయల్దేరే ముందు కిటికీ పరదాలు వేసేయండి. ఆరు దాటిందంటే తూర్పు కిటికీ నుంచి ఎండ లోపలికి వస్తుంది.

సమాధుల కోసం పూలు విడిగా ఒక గంపలో రాత్రే తీసిపెట్టాలి. లేదంటే ఇంటి అలంకరణలో మిగిలినవి తీసుకెళ్లాల్సి వస్తుంది, అది నాకు నచ్చదు. బంతి దండలు, విడి చామంతులు, ఒక చిన్న సీసాలో నీళ్లు. సున్నం వేసిన సమాధి మీద కొవ్వొత్తి వెలుగులో పసుపు బంతి ఎంత బాగా కనిపిస్తుందో చీకట్లోనే చూడాలి. మా అమ్మ సమాధి మీద మాత్రం ఒక మూర మల్లెలు పెడతాను. ఎండెక్కితే వాడతాయని తెలుసు, కానీ ఆమె తలలో ఎప్పుడూ అవే ఉండేవి.

ఆదివారం సాయంత్రం, ఆ తర్వాత

చెంబులో కాడలకు రోజూ నీళ్లు మార్చి, కాడ చివర కొంచెం కోస్తూ, కింద వాడిన సంపెంగలను తుంచేస్తూ ఉంటే బుధవారం దాకా నిలుస్తాయి. మల్లెలు, గంగాళంలో రేకులు ఆదివారం రాత్రే తీసేయండి. సిలువ సోమవారానికి వాలిపోతుంది, పూలూ బోదె పట్టలూ మొక్కల మొదట్లో వేసి, బద్దలు కడిగి దాచుకోండి. గోధుమ నారుకు నీళ్లు ఆపకపోతే ఇంకో వారం పచ్చగా ఉంటుంది.

తోరణంలో బాగా విచ్చిన బంతిపూలను నాలుగైదు విడిగా తీసి, నీడలో ఎండబెట్టి కాగితం పొట్లం కట్టండి. లోపల నల్లటి గింజలు గట్టిపడి ఉంటే మొలుస్తాయి, తెల్లగా తాలుగా ఉంటే మొలవవు. జూన్‌లో వాన పడ్డాక నేను పెరట్లో చల్లాను. పది గింజల్లో నాలుగే మొలిచాయి, మార్కెట్ పువ్వంత పెద్దగా పూయలేదు. అయినా బతుకమ్మ నాటికి రెండు దోసిళ్ల పూలు వస్తే పక్కింటి వదిన సద్దుల రోజు కోసుకెళ్లింది.